న్యూ సెటిల్‌మెంట్ నుంచి కొత్త వృత్తిలోకి: ఉద్యోగ దరఖాస్తు ఎలా రాయాలి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టింది, వర్క్‌షాపు పెట్టింది, దాని చుట్టూ క్వార్టర్లు వేసింది. తూర్పు తీర రైలు మార్గం ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనివాళ్లు ఇటు రావడం తేలికైంది. అలా వచ్చిన కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వాళ్లు న్యూ సెటిల్‌మెంట్, ఓల్డ్ సెటిల్‌మెంట్, మథురాకాటి, నింపురా వంటి కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. బెంగాల్లో తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడానికి ప్రధాన కారణం ఈ ఊరి తెలుగువాళ్లే.

ఈ ఇళ్లలో ‘ఉద్యోగం’ అంటే చాలాకాలం రైల్వే ఉద్యోగమే. దానికి ఫారం నింపాలి, పరీక్ష రాయాలి, పిలుపు కోసం ఎదురుచూడాలి. తన పని గురించి తానే ఒక పేజీ రాసుకుని, ముక్కూముఖం తెలియని కంపెనీకి పంపాల్సిన అవసరం తక్కువగా వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం వస్తోంది. వర్క్‌షాపులో అప్రెంటిస్ పూర్తిచేసి బయట పని వెతుక్కునేవారు, ఏళ్ల తరబడి రైల్వే పరీక్షలు రాసి దారి మార్చుకునేవారు, ఉద్యోగంలో ఉంటూనే వేరే వృత్తిలోకి వెళ్లాలనుకునేవారు ముందుగా తడబడేది ఇక్కడే. వృత్తి మారేవారి దరఖాస్తు మామూలు దరఖాస్తుకన్నా ఎందుకు కష్టం, దాన్ని ఎలా రాస్తే చదివేవారు ఆగి చూస్తారు అన్నది ఈ కథనం విషయం.

పాత దారులు ఎందుకు ఇరుకయ్యాయి?

ఖరగ్‌పూర్‌లో ఉద్యోగ భయం కొత్తది కాదు. 1927లోనే ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె చేశారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి అప్పట్లో ఈ రైల్వే కార్మిక సంఘం నాయకుడు. అయితే స్వాతంత్ర్యం తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తండ్రి రైల్వేలో ఉంటే కొడుక్కీ ఏదో ఒక దారి దొరుకుతుందన్న నమ్మకం గట్టిపడింది.

ఆ నమ్మకానికి ఆధారమైన దారుల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది. ట్రాక్‌మన్, పాయింట్స్‌మన్ వంటి భద్రతా విభాగాల సిబ్బంది ముందుగా పదవీ విరమణ చేస్తే, వారి పిల్లలకు ఉద్యోగం ఇచ్చే పథకం 2004లో పరిమితంగా మొదలై 2010లో విస్తరించింది. దాన్ని అందరూ ‘లార్స్‌జెస్’ అనేవారు. ప్రభుత్వ ఉద్యోగంలో సమాన అవకాశం అనే రాజ్యాంగ సూత్రానికి అది నిలవదని 2016లో పంజాబ్-హరియాణా హైకోర్టు అభిప్రాయపడింది. 2017 అక్టోబరులో రైల్వే బోర్డు దాన్ని నిలిపివేసింది, 2018 సెప్టెంబరులో రద్దు చేసింది. ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణించినప్పుడు ఇచ్చే కారుణ్య నియామకం మాత్రం కొనసాగుతోంది. అది ఎవరూ కోరుకునే దారి కాదు.

రెండో దారి పరీక్ష. 2019లో లెవెల్-1 పోస్టుల కోసం రైల్వే ఇచ్చిన ప్రకటనలో 1,03,769 ఖాళీలు ఉండగా, కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ పరీక్ష 2022 ఆగస్టులో మొదలైంది. అంటే ఇరవై రెండేళ్ల వయసులో దరఖాస్తు పెట్టిన కుర్రాడు పరీక్ష హాల్లోకి వెళ్లేసరికి ఇరవై ఐదు దాటాడు.

మూడోది అప్రెంటిస్. ఆగ్నేయ రైల్వే 2023-24లో 1,785 అప్రెంటిస్ స్థానాలకు ప్రకటన ఇచ్చింది, అందులో 360 ఖరగ్‌పూర్ వర్క్‌షాపువి. ఏడాది శిక్షణ అయ్యాక జాతీయ ధ్రువపత్రం చేతికి వస్తుంది, కానీ ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన లేదు. రైల్వేలో శిక్షణ పొందినవారికి లెవెల్-1 నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. దానికీ పరీక్ష తప్పదు. మిగిలినవారు బయట వెతుక్కోవాలి.

ఫారం వేరు, దరఖాస్తు వేరు

ఫారంలో ప్రశ్న ముందే ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, కులం, విద్యార్హత అడిగిన గడిలో అడిగింది రాస్తే చాలు. అందరి ఫారాలూ ఒకేలా ఉండాలన్నదే దాని ఉద్దేశం, ఎందుకంటే అక్కడ ఎంపిక చేసేది మార్కులు.

ప్రైవేటు సంస్థకు పంపే దరఖాస్తులో ప్రశ్న కనిపించదు కానీ ఉంటుంది: ‘మా దగ్గర ఉన్న ఈ పనిని మీరు చేయగలరని మేమెందుకు నమ్మాలి?’ అదే వృత్తిలో ఉన్నవారికి ఈ ప్రశ్నకు సగం జవాబు పాత హోదాలోనే దొరుకుతుంది. అకౌంటెంట్ మరో అకౌంటెంట్ ఉద్యోగానికి రాస్తే హోదా చూసి చదివేవారికి అర్థమవుతుంది. వృత్తి మారేవారికి ఆ సౌకర్యం లేదు. వారి పాత హోదా చదివేవారికి తెలియదు, లేదా తప్పుగా తెలుసు. అందుకే వారి దరఖాస్తు ప్రధానంగా చేయాల్సిన పని అనువాదం: పాత చోట చేసిన పనిని కొత్త చోట వాడే మాటల్లోకి, సారం పోకుండా మార్చడం.

ఖరగ్‌పూర్‌లో వృత్తి మార్పు అనగానే ధోనీ పేరు వస్తుంది. 2001 నుంచి కొన్నేళ్లు ఇక్కడ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసి, ఆ కొలువు వదిలి భారత జట్టు కెప్టెన్ అయ్యారు. స్ఫూర్తికి ఆ కథ బాగుంటుంది కానీ దరఖాస్తుకు పనికిరాదు. ఆట మైదానంలో అందరికీ కనిపిస్తుంది. ఫిట్టర్ పనితనం, క్లర్కు ఓర్పు, ట్యూషన్ టీచర్ నేర్పు అలా కనిపించవు. వాటిని కాగితం మీద కనిపించేలా చేయాలి.

ముందు ప్రకటన చదవాలి

రాయడం మొదలుపెట్టే ముందు ఉద్యోగ ప్రకటనను కనీసం మూడుసార్లు చదవాలి. మొదటిసారి వాళ్లు చేయించుకోవాలనుకుంటున్న పనులను వేరుగా రాసుకోవాలి. రెండోసారి తప్పనిసరి అర్హతలను, ఉంటే మంచిదన్న అర్హతలను విడదీయాలి. మూడోసారి ఒక్కో పని ఎదురుగా తాను చేసిన దానిలో దగ్గరి పని ఏదో రాసుకోవాలి. ఎదురు గడి ఖాళీగా ఉంటే అలాగే ఉంచాలి. ఆరు పనుల్లో నాలుగింటికి జవాబు ఉంటే దరఖాస్తు పంపవచ్చు. రెండింటికే ఉంటే ఆ ఉద్యోగానికి ముందు ఇంకో మెట్టు అవసరమని అర్థం.

ప్రకటనల కోసం కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, నమోదు ఉచితం. రైల్వే పనితనం తెలిసినవారికి దగ్గరి రంగాలు కూడా ఉన్నాయి. ఖరగ్‌పూర్‌లోనే టాటా హిటాచీ తవ్వక యంత్రాల కర్మాగారం ఉంది. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో టిటాగఢ్ సంస్థ రైలు పెట్టెలు తయారుచేస్తుంది. తెలుగు నేలకు వస్తే, తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఆల్‌స్టామ్ మెట్రో కోచ్‌లు తయారుచేస్తోంది. రంగారెడ్డి జిల్లా కొండకల్‌లో మేధా సంస్థ కోచ్ ఫ్యాక్టరీ 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఈ సంస్థల్లో ఎప్పుడు ఖాళీలున్నాయో వాటి సొంత వెబ్‌సైట్లలోనే చూడాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు రాసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అక్కడ స్థానికతను నిర్ణయించేది మాతృభాష కాదు, చదివిన చోటు. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. చదువంతా ఖరగ్‌పూర్‌లో సాగినవారు అక్కడ స్థానికేతరులు. కుల రిజర్వేషన్ కూడా ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి దానంతటదే వెంటరాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు దరఖాస్తుకు ఈ చిక్కులు లేవు.

పనిని అనువదించడం

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. క్యారేజీ విభాగంలో అప్రెంటిస్ పూర్తిచేసి, తర్వాత రెండేళ్లు ఓ కాంట్రాక్టరు దగ్గర పెట్టెల మరమ్మతు చేసిన యువకుడు. అతని రెజ్యూమెలో సాధారణంగా ఉండే వాక్యం ఇది:

‘రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా బోగీ పీఓహెచ్ పనులు చేశాను.’

తోటి రైల్వే మనిషికి ఇది చాలు. బయటివారికి ఇందులో మూడు అడ్డంకులు ఉన్నాయి. ‘పీఓహెచ్’ అంటే నిర్ణీత కాలానికోసారి పెట్టెను పూర్తిగా విప్పి బాగుచేయడమని వాళ్లకు తెలియకపోవచ్చు. తెలుగు వాడుకలో ‘బోగీ’ అంటే రైలు పెట్టె, వర్క్‌షాపు భాషలో అది పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం. చదివే మనిషి ఏ అర్థం తీసుకుంటారో చెప్పలేం. ‘పనులు చేశాను’ అన్న మాటలో తాను స్వయంగా చేసిందేదో, పక్కన నిలబడి అందించిందేదో తేలదు.

అదే అనుభవాన్ని ఇలా రాయవచ్చు:

‘ప్రయాణికుల పెట్టెల కింది చక్రాల చట్రాన్ని విప్పడం, అరిగిన భాగాలను గేజ్‌తో కొలిచి మార్చడం, తిరిగి బిగించడం. అయిదుగురి బృందంలో బ్రేకు అమరిక నా బాధ్యత. ఎయిర్ బ్రేకు పీడనాన్ని పరీక్షించి, లీకేజీ ఉన్నచోట సరిచేసి, కొలతలను రిజిస్టరులో నమోదు చేసేవాణ్ని.’

ఇప్పుడు తవ్వక యంత్రాల కర్మాగారంలో చదివేవారికి కూడా ఇందులో తమకు కావాల్సినవి కనిపిస్తాయి: విప్పి బిగించే పని, కొలత పరికరాలు, గాలి పీడన వ్యవస్థ, రికార్డు రాసే అలవాటు. రైలు పెట్టె స్థానంలో మరో యంత్రాన్ని ఊహించుకోవడం వారికి కష్టం కాదు.

కోచ్ ఫ్యాక్టరీకి రాస్తే అనువాదం ఇంకోలా ఉండాలి. అక్కడివారికి సాంకేతిక పదాలు తెలుసు కాబట్టి దాచకూడదు, ఇంకా వివరంగా చెప్పాలి. పాత ఐసీఎఫ్ రకం పెట్టెల తయారీని చెన్నైలోని ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 2018 జనవరితో ఆపేసింది. ఇప్పుడు తయారయ్యేవి ఎల్‌హెచ్‌బీ రకం. రెండింటి బ్రేకు వేరు, చట్రం వేరు, పెట్టె లోహమూ వేరు. ఏ రకంపై ఎన్ని నెలలు పనిచేశారో చెప్పకపోతే ఆ అనుభవానికి విలువ కట్టలేరు. పాత రకంపైనే చేసి ఉంటే ఆ మాటే రాసి, కొత్త రకం గురించి ఏం నేర్చుకున్నారో పక్కన చేర్చాలి. ఒకే మనిషి ఒకే అనుభవాన్ని రెండు చోట్లకు రెండు విధాలుగా రాయడంలో అబద్ధం లేదు. ఎవరికి ఏది కావాలో చూసి ముందు పెడుతున్నాడంతే.

ఇది కొత్త సూత్రం కాదు. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా కొలువు కోరుతూ లియొనార్డో డావిన్చీ పేర తయారైన లేఖలో వంతెనలు, ఫిరంగులు, ముట్టడి యంత్రాల గురించి వరుసగా ఉంటుంది. తాను చిత్రాలు వేయగలనన్న మాట చిట్టచివర వస్తుంది. యుద్ధాల మధ్య ఉన్న పాలకుడికి ముందుగా ఏది కావాలో రాసినవారికి తెలుసు.

అంకెలు, ఆధారాలు

‘కష్టపడే స్వభావం’, ‘బృందంతో కలిసి పనిచేయగలను’ వంటి మాటలు ప్రతి దరఖాస్తులో ఉంటాయి. వాటిని నమ్మించేవి అంకెలే: ఎంతమంది బృందం, వారానికి ఎన్ని యూనిట్లు, ఎన్ని నెలలు, ఏ యంత్రం. అంకె గుర్తులేకపోతే ఊహించి వేయకూడదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ అంకె మీదే వస్తుంది.

ధ్రువపత్రాల్లో ఐటీఐ పూర్తిచేశాక వచ్చేది ఒకటి, అప్రెంటిస్ పరీక్ష తర్వాత వచ్చేది ఇంకొకటి. రెండూ జాతీయ స్థాయివే కాబట్టి వేర్వేరుగా పేర్కొనాలి. పని చేతిలో ఉండి కాగితం లేనివారికి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే ఏర్పాటు ఉంది. వెల్డింగ్, ప్లంబింగ్, కుట్టుపని వంటివి ఇంట్లోనో, మేస్త్రీ దగ్గరో నేర్చుకున్నవారికి ఇది బాగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత చోట వాడిన డ్రాయింగులు, రిజిస్టరు పేజీలు, వర్క్‌షాపు లోపలి ఫొటోలు ఆధారంగా జతచేయకూడదు. అధికారిక పత్రాలను అనుమతి లేకుండా బయటికివ్వడం రైల్వే ప్రవర్తనా నియమాలకు విరుద్ధం. పైగా పాత సంస్థ కాగితాలు తెచ్చే మనిషి రేపు మన కాగితాలూ తీసుకెళ్తాడని కొత్త సంస్థ అనుకుంటుంది.

ఖాళీ ఏళ్లను దాచకూడదు

రైల్వే పట్నంలో చాలామందికి ఉన్న అసలు ఇబ్బంది ఇది. డిగ్రీ తర్వాత మూడు నాలుగేళ్లు పరీక్షల తయారీలో గడిచాయి. రెజ్యూమెలో ఆ భాగం తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపును చూసి మనుషులకన్నా ముందు యంత్రాలే పక్కన పెట్టేస్తున్నాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లోని సంస్థలపై హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి చేసి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ఆరు నెలలకు మించి ఖాళీ ఉన్న దరఖాస్తులను వడపోసేస్తున్నవి దాదాపు సగం అని తేలింది. మన దగ్గరా పెద్ద కంపెనీలు వడపోత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాయి.

దీనికి మందు తేదీలు మార్చడం కాదు. పాత యజమానులకు ఫోన్ చేసి సరిచూసినప్పుడు అది బయటపడుతుంది, అప్పుడు ఉద్యోగమే పోతుంది. ఖాళీకి పేరు పెట్టాలి. ‘2019–2022: రైల్వే నియామక పరీక్షల తయారీ. ఇదే కాలంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు గణితం ట్యూషన్’ అని ఒక వరుస రాస్తే అది ఖాళీ కాదు. ట్యూషన్, దుకాణంలో లెక్కలు, ఇంట్లో పెద్దవాళ్ల వైద్యం చూసుకోవడం, పూజా కమిటీ ఖర్చుల పుస్తకం, వీటిలో నిజంగా చేసింది ఏదైనా రాయవచ్చు. పిల్లల పెంపకం కోసం ఆగిన మహిళలు కూడా ఆ మాటను ఒక్క వరుసలో, సంజాయిషీ లేకుండా రాయాలి. ఆ తర్వాత ఏం నేర్చుకున్నారన్నది రెండో వరుసలో ఉండాలి.

నాలుగు భాషలు ఒక ఆస్తి

న్యూ సెటిల్‌మెంట్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, క్వార్టర్ల మధ్య హిందీ, బడిలో ఇంగ్లిష్ మామూలు విషయం. మామూలు కాబట్టే దాన్ని రెజ్యూమె అడుగున ‘తెలిసిన భాషలు’ అని ఒక్క వరుసలో వదిలేస్తారు. వినియోగదారుల సేవ, బ్యాంకింగ్ ప్రతినిధులు, ఆసుపత్రి సమన్వయం, అనువాదం, సరుకు రవాణా వంటి రంగాలకు వెళ్లేవారికి ఇదే ప్రధాన అర్హత కావచ్చు.

అయితే ‘తెలుసు’ అన్న మాట సరిపోదు. ఏ భాష చదవగలరు, ఏది రాయగలరు, ఏది మాట్లాడటం వరకే అన్నది విడదీయాలి. ఇక్కడ పెరిగిన కొందరికి తెలుగు మాట ధారాళంగా ఉన్నా రాత అంతగా ఉండదు. బెంగాల్ మాధ్యమిక బోర్డులో తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలుంది. అలా చదివినవారు ఆ మార్కుల జాబితాను పేర్కొనాలి. ఊహకు, పిల్లలకు ట్యూషన్ చెప్పిన అమ్మాయి వినియోగదారుల సేవా ఉద్యోగానికి రాస్తోందనుకుందాం. ‘నాలుగు భాషలు వచ్చు’ అనే బదులు ‘తెలుగు, బెంగాలీ, హిందీ మాట్లాడే తల్లిదండ్రులకు వారి భాషలోనే పిల్లల చదువు గురించి ప్రతి నెలా వివరించేదాన్ని’ అని రాస్తే భాషతో పాటు ఓపిక, లెక్క, బాధ్యత కూడా చెప్పినట్లే.

కవర్ లెటర్: ఒక పేజీ, నాలుగు పేరాలు

రెజ్యూమె ఏం చేశారో చెబుతుంది. ఎందుకు మారుతున్నారో చెప్పే చోటు కవర్ లెటర్ ఒక్కటే. అందుకే వృత్తి మారేవారు దాన్ని వదలకూడదు. చివరికి ఇంగ్లిష్‌లో పంపాల్సి వచ్చినా, ముందు తనకు బాగా వచ్చిన భాషలో రాసుకుంటే అరువు వాక్యాలు తగ్గుతాయి.

మొదటి పేరాలో ఏ ఉద్యోగానికి, ఏ అర్హతతో అన్నది రెండు వాక్యాల్లో చెప్పాలి. రెండో పేరాలో ప్రకటనలోని ముఖ్యమైన రెండు పనులకు సరిపోయే సొంత అనుభవం ఉండాలి. మూడో పేరాలో మార్పుకు కారణం, దానికోసం ఇప్పటికే వేసిన అడుగు. నాలుగో పేరాలో ఎప్పుడు చేరగలరు, ఎక్కడికి రాగలరు. నమూనాగా పై ఫిట్టర్ లేఖ ఇలా ఉండవచ్చు:

‘అయ్యా, మీ కర్మాగారంలో అసెంబ్లీ టెక్నీషియన్ ఉద్యోగానికి ఈ దరఖాస్తు. ఐటీఐ ఫిట్టర్ ట్రేడు, ఏడాది రైల్వే అప్రెంటిస్, రెండేళ్ల మరమ్మతు అనుభవం ఉన్నాయి.

మీ ప్రకటనలో పీడన వ్యవస్థల అమరిక, నాణ్యత రికార్డుల నిర్వహణ అడిగారు. ఎయిర్ బ్రేకు పరికరాలను విప్పి, పరీక్షించి, బిగించడం రెండేళ్లుగా నా రోజువారీ పని. ప్రతి పరీక్ష కొలతనూ రిజిస్టరులో నమోదు చేసేవాణ్ని.

ఇంతవరకు పాతవాటిని బాగుచేశాను. కొత్త యంత్రాల తయారీలోకి రావాలని ఉంది. హైడ్రాలిక్స్‌తో నాకు నేరుగా అనుభవం లేదు. గత మూడు నెలలుగా దాని ప్రాథమిక కోర్సు చేస్తున్నాను.

నెల రోజుల్లో చేరగలను. షిఫ్టులకు, వేరే ఊరికి రావడానికి అభ్యంతరం లేదు.’

ఇందులో బలం మూడో పేరాలో ఉంది. లేనిది లేదని చెప్పాడు, ఆ లోటు తీర్చుకోవడానికి ఏం చేస్తున్నాడో చెప్పాడు. చదివేవారి మనసులో వచ్చే సందేహానికి దరఖాస్తే ముందుగా జవాబిచ్చింది. ‘మా నాన్నగారు ముప్పై ఏళ్లు రైల్వేలో చేశారు’, ‘ఇంటి బాధ్యతలు నామీద ఉన్నాయి’ వంటి మాటలు నిజమే అయినా, నిర్ణయం తీసుకునేవారికి వాటితో పనిలేదు. పాత యజమానిపై ఫిర్యాదు అసలే ఉండకూడదు.

రెజ్యూమెలో పైభాగాన మూడు వరుసల పరిచయం, దాని కింద కొత్త పనికి సరిపోయే నైపుణ్యాలు, ఆ తర్వాత తేదీలతో అనుభవం, చివర చదువు. తేదీలు పూర్తిగా తీసేసి నైపుణ్యాలే రాసే పద్ధతిని కొందరు సూచిస్తారు. అది ఏదో దాస్తున్నారన్న అనుమానం రేపుతుంది. వడపోత సాఫ్ట్‌వేర్ గడులను, బొమ్మలను సరిగా చదవలేకపోవచ్చు కాబట్టి మామూలు అక్షరాల్లో, ప్రకటనలో వాడిన పదాలనే వాడుతూ రాయాలి. తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్న పాత బయోడేటా వరుసలు అడగనప్పుడు అక్కర్లేదు.

ఉద్యోగంలో ఉంటూ మారేవారికి

రైల్వే ఉద్యోగి బయటికి రాసే ముందు లోపలి దారులు చూసుకోవాలి. శాఖ మారాలనుకునేవారికి జనరల్ డిపార్ట్‌మెంటల్ పోటీ పరీక్ష ఉంది. దిగువ స్థాయి సాంకేతిక సిబ్బంది కూడా అర్హత ఉంటే స్టేషన్ మాస్టర్, జూనియర్ ఇంజినీర్, క్లర్కు వంటి పోస్టులకు ఈ దారిలో పోటీపడవచ్చు. ఇటీవలి ప్రకటనల్లో వయోపరిమితి సాధారణ వర్గానికి 42 ఏళ్లు. బయటి నియామకాల్లో వయసు దాటినవారికి ఇది పెద్ద వెసులుబాటు.

మరో కేంద్ర ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు చేస్తే తన కార్యాలయం ద్వారా పంపి, నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అలా ఎంపికైతే రాజీనామాను సాంకేతిక రాజీనామాగా పరిగణిస్తారు, పాత సర్వీసు లెక్కలోకి వస్తుంది. ఆ పత్రం లేకుండా వెళ్తే అదే సర్వీసు పోయే ప్రమాదం ఉంది.

ప్రైవేటు ఉద్యోగం కోసం రాజీనామా చేసేవారు ఇంకా జాగ్రత్తగా లెక్కవేయాలి. 2004 జనవరి 1కి ముందు చేరి పాత పింఛను కింద ఉన్నవారు మామూలు రాజీనామా చేస్తే గత సర్వీసు రద్దవుతుంది. 20 ఏళ్లు నిండినవారికి స్వచ్ఛంద పదవీ విరమణ అందుబాటులో ఉంది. ఆ తేదీ తర్వాత చేరి జాతీయ పింఛను పథకంలో ఉన్నవారి ఖాతా ఉద్యోగం మారినా కొనసాగుతుంది. క్వార్టరు ఖాళీ చేయాలి, వైద్యం, పాసుల సౌకర్యం మారుతుంది. కొత్త జీతం పెద్దగా కనిపించినా ఇంటి అద్దె, వైద్య బీమా కలిపి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. ఒక పని వదలకుండా రెండోది రహస్యంగా చేయడం మాత్రం ప్రవర్తనా నియమాల ఉల్లంఘన.

పంపే ముందు

దరఖాస్తును ఆ రంగం తెలియని ఒకరితో చదివించాలి. ‘ఇతను ఏం పని చేస్తాడు, ఏం పని అడుగుతున్నాడు?’ అని అడిగితే వారు తడుముకోకుండా చెప్పగలగాలి. తర్వాత ఆ రంగంలో ఉన్న మరొకరితో చదివించాలి. సాంకేతిక పదం తప్పుగా వాడి ఉంటే వారే పట్టుకుంటారు. కంపెనీ పేరు, పోస్టు పేరు పాత దరఖాస్తులోంచి అలాగే వచ్చేశాయేమో చూడాలి. ఈమెయిల్ చిరునామా సొంత పేరుతో ఉండాలి.

దరఖాస్తు, ఇంటర్వ్యూ, ‘రిజిస్ట్రేషన్’ పేరుతో డబ్బు అడిగే ఏజెంటుకు ఏమీ ఇవ్వకూడదు. రైల్వే నియామకాలకు ప్రకటనలో చెప్పిన పరీక్ష రుసుము తప్ప మరే చెల్లింపూ ఉండదు. ప్రైవేటు సంస్థ నుంచి పిలుపు వస్తే, ఆ ప్రకటన సంస్థ సొంత వెబ్‌సైట్లో ఉందో లేదో చూసుకోవాలి.

పంపిన ప్రతి దరఖాస్తు తేదీ, సంస్థ, పోస్టు, వచ్చిన జవాబు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మంచిది. పది పంపినా పిలుపు రాకపోతే లోపం రెజ్యూమెలోనో, ఎంచుకున్న పోస్టులోనో ఉన్నట్లు. పిలుపులు వచ్చి ఇంటర్వ్యూలో ఆగిపోతుంటే, కాగితం బాగానే ఉంది, మాట్లాడటం సాధన చేయాలి. రెంటికీ మందు వేరు కాబట్టి, ఎక్కడ ఆగుతోందో తెలియకుండా పదకొండోది పంపడంలో ప్రయోజనం తక్కువ.